పదిహేను రోజుల లెక్క



సాయం అడగవచ్చిన ఒక అన్సారీ ఇంట్లో ఉన్న గుడ్డ, గిన్నె ముహమ్మద్ ప్రవక్త (స) రెండు దిర్హములకు అమ్మించారు. ఒకటి ఇంటి తిండికి, ఒకటి గొడ్డలికి. కట్టెలు కొట్టి అమ్ముకొమ్మన్నారు, పదిహేను రోజులు తనకు కనబడవద్దన్నారు. ఆయన పది దిర్హములు సంపాదించి వచ్చాడు.

మేం గొడ్డలి ఇచ్చాం, గడువు మరిచాం. జగిత్యాల, కోరుట్లలో కుట్టుమిషన్లు పంచి ఫొటోలు దిగాం. ఎవరి బట్టలు కుడతావమ్మా, దారం, కరెంటు పోను ఎంత మిగలాలి అని అడగలేదు. కొన్ని మిషన్ల మీద ఇప్పుడు దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. తప్పు వాళ్లది కాదు. బీడీలు చుట్టే చెల్లెలికి రోజుకు ఎన్ని చుట్టాలో, వెయ్యికి కూలి ఎంతో నోటికి వచ్చు. మిషన్‌కు అలాంటి లెక్క మేమే చెప్పలేదు.

ఇకనుంచి కర్జె హసనా అడిగినవారితో ముందు కూర్చుంటాం. "పెద్ద దుకాణం పెడతా" అంటే చాలదు. రంజాన్‌లోపు ఇరవై జాకెట్లు, సగం మన గల్లీ బయటివాళ్లవి అనాలి. సిరిసిల్లలో 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఆగితే మరమగ్గాలు ఏమయ్యాయో చూశాం కదా, ఒక్క గిరాకీనే నమ్ముకోలేం. మూడు నెలలకు మేమే ఇంటికి వెళ్లి లెక్క చూస్తాం.

దాతలకు మనవి: మిషన్‌తోపాటు ఆ మూడు నెలల దారం ఖర్చూ ఇవ్వండి. మిషన్లు తగ్గుతాయి. వచ్చే సావనీరులో ఫొటోలూ తగ్గుతాయి.