తల నెరయుట దేనివలన?
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



వయసు పెరిగిన కొలది తల నెరయుటయు, వెండ్రుకలు పలుచబడుటయు మనమందరము ఎరిగినదే. దీనికి కారణము వెండ్రుక మొలచు కుదురులో నున్నది.

మన దేహమునందలి జీవకణములలో జన్యువులున్నవి. పంచాయతీ కార్యాలయపు బీరువాలో పన్నుల పుస్తకము, జనన మరణముల రిజిస్టరు మొదలగునవన్నియు ఉన్నను, ఆ పూట పనికి కావలసిన దానినే తీయుదురు గదా! కణమును అట్లే తన పనికి తగిన జన్యువులనే మేలుకొలుపును. వయసు ముదిరినపుడు జన్యువులు ఉన్నచోటనే ఉండును. వాని చురుకుదనము మారును.

కుదురునందలి మూలకణములు విత్తనపు గింజలవంటివి. పాత వెండ్రుక రాలినపుడు అవియే కొత్తదానిని మొలిపించును. 2021లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలను పరీక్షించిరి. ముసలితనమున ఈ కణములను తమ చోట పట్టియుంచు జన్యువుల చురుకు తగ్గుననియు, గట్టు తెగిన మడిలోని నీటివలె కణములు జారిపోవుననియు వారు తెలిపిరి. ఈ పనిని నడుపు ఫాక్స్‌సీ1, ఎన్‌ఫాట్‌సీ1 అను రెండు జన్యువులను తొలగింపగా, ఎలుకలకు చిన్న వయసుననే బొచ్చు రాలెను. రంగునిచ్చు మూలకణములు వేరు. అవి కుదురులో ఒకచోట చిక్కుకొని పనిచేయకుండుటచే బొచ్చు నెరయునని 2023లో న్యూయార్క్ విశ్వవిద్యాలయమువారు ఎలుకలలోనే కనుగొనిరి.

పైకి వచ్చిన వెండ్రుకలో జీవము లేదు. కుదురులోని ఈ మార్పును పైన రాచిన నూనె సరిచేయజాలదు. కావున నెల దినములలో తల నల్లబడునని చెప్పి సంతలో సీసాలమ్మువారికి కష్టార్జితము ధారపోయవలదని మీ వార్డు ప్రజలకు చెప్పుడు.

రంగు వేసుకొనుట ఎవరి ఇష్టము వారిది. కాని పారాఫెనిలీన్ డయామిన్ గల రంగు కొందరి చర్మమునకు పడదు. కడుపులోనికి పోయినచో గొంతు వాచి, ఊపిరాడక ప్రాణాపాయము కలుగును. దానిని పిల్లలకు అందని చోట ఉంచవలెను. ఎవరైన మ్రింగినచో క్షణమైన ఆలసింపక 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

చిన్న వయసుననే తల నెరసినచో బి12 విటమిను లోపముగాని, థైరాయిడ్ వ్యాధిగాని ఉండవచ్చును. అట్టివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను.

రానున్న గ్రామసభలో పది నిముషములు ఈ సంగతులకు కేటాయింపుడు. పేదల ఇండ్లలో నాలుగు రూపాయలు మిగులును. ఒక పసిప్రాణమైనను దక్కవచ్చును.