ఫైనాన్స్ చదువు - ముందు చూపు



పి.యు.సి. అనండి, ప్లస్ టూ అనండి, ఇంటర్ అనండి, అది ముగించి డిగ్రీలో ఫైనాన్స్ చదవాలనుకునే విద్యార్థులతోనూ, వారి తల్లిదండ్రులతోనూ ఈ రోజు కొన్ని విషయాలు ముచ్చటిస్తాను.

ఫైనాన్స్ అనగానే షేర్ మార్కెట్టు, నగరంలో ఉద్యోగం గుర్తుకొస్తాయి. కాని ఆ శాస్త్రానికి మన ఇంట్లోనే పని ఉంది. నూటికి 2 రూపాయల వడ్డీకి 10,000 అప్పు తెచ్చారనుకోండి. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. అది నెల వడ్డీ. ఏడాదికి నూటికి 24 అవుతుంది. వడ్డీ కట్టలేక నెలనెలా అసలులో కలుపుతూ పోతే 12 నెలలకు బాకీ 12,682 రూపాయలకు చేరుతుంది. బి.కాం. విద్యార్థి ఈ చక్రవడ్డీ లెక్క పరీక్షలో చేసి మార్కులు తెచ్చుకుంటాడు. నాన్నగారు ప్రోనోటు మీద సంతకం పెట్టేటప్పుడు కూడా పక్కన కూర్చుని ఈ లెక్క వేసి చూపించాలి. చదువు వంటబట్టిందో లేదో అక్కడ తెలుస్తుంది.

రెండో విషయం, కంపెనీల లెక్కలు చదివే అలవాటు. పెద్ద కంపెనీల వార్షిక నివేదికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నెలకు ఒకటి తీసుకుని ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల ఖాతా, నగదు రాకపోకలు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. లాభం చూపిన కంపెనీ దగ్గర కూడా ఒక్కోసారి నగదు ఉండదు. అరువుకు అమ్మిన సరుకు కూడా అమ్మకం కిందే లెక్క కదా! మీ వీధిలోని కిరాణా కొట్టు ఆసామిని అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు.

చార్టర్డ్ అకౌంటెన్సీ చేయదలచుకున్న వారికి ఒక మాట. కామర్స్ డిగ్రీలో 55 శాతం మార్కులు వస్తే ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. ఆ కాలంలో కొంత స్టైపెండ్ కూడా ఇస్తారు. పాసు కావాలంటే ఒక్కో పేపరులో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. పరీక్షలు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని రాయాలి. కనుక లెక్కలతోపాటు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాయడం ఇప్పటి నుంచే సాధన చేయండి.

బ్యాంకు ఉద్యోగాల విషయంలో సరిహద్దు జిల్లాల వారికి ఒక అనుకూలత ఉంది. ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పరీక్షలను తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాలతో సహా 13 ప్రాంతీయ భాషల్లో జరపాలని 2021లో కేంద్ర ఆర్థిక శాఖ సిఫారసు చేసింది. అయితే ఏ రాష్ట్రంలో ఉద్యోగం కోరుతున్నారో ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. బళ్ళారి అమ్మాయి కన్నడాన్ని, హోసూరు అబ్బాయి తమిళాన్ని బడితో వదిలేయకూడదు. తెలుగునూ వదులుకోవద్దు. రేపు కౌంటరు ముందుకు వచ్చే రైతుకు వడ్డీ లెక్క అతని భాషలోనే చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఉద్యోగం ఖాయమని చెప్పి ముందుగానే పెద్ద మొత్తం కట్టించుకునే కోర్సులుంటాయి. ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టవలసి వస్తే, వడ్డీతో కలిపి ఎంతవుతుందో ముందు మీ పిల్లల చేతనే లెక్క వేయించండి. ఆ తరువాత నిర్ణయించుకోండి.