మ్యాలిక్ ఎంజైమ్: పావురం కాలేయం నుంచి రాగి ఆకు దాకా



గురువుగారి పేరున జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు వేరే అంశం వెతుక్కోలేదు. ఫలానా ఎంజైమ్ ఏం చేస్తుందో మేం చెప్పబోతే, "కణంలో ఎక్కడుండి చేస్తుందో ముందు చెప్పు" అనేవారు ఆయన. మ్యాలిక్ ఎంజైమ్ చరిత్రను ఆ ప్రశ్నతోనే చదవాలి.

మ్యాలేట్ పైరువేట్‌గా మారి కార్బన్ డయాక్సైడ్ వెలువడే చర్యను నడిపేది ఈ ఎంజైమే. 1940ల చివర్లో ఒచోవా, మేలర్, కోర్న్‌బర్గ్ పావురం కాలేయంలో ఈ ఎంజైమ్‌ను పట్టుకున్నారు. వాళ్ల ఆసక్తంతా ఈ చర్య వెనక్కి నడవడం మీద, అంటే జంతుకణంలో కార్బన్ డయాక్సైడ్ స్థాపన మీద. ఆ పని ప్రధానంగా పైరువేట్ కార్బాక్సిలేజ్‌దని తర్వాత తేలింది. కాలేయంలో మన ఎంజైమ్ కొవ్వుల తయారీకి ఎన్‌ఏడీపీహెచ్ అందిస్తుంది. ఆక్సిజన్ కొరవడిన పేగులో బతికే ఏలికపాముకు మైటోకాండ్రియాలోని రూపం శక్తికి ఆధారం. 

నేను ఎక్కువకాలం గడిపింది సీ4 మొక్కలతో. అవి కార్బన్ డయాక్సైడ్‌ను పత్రాంతర కణాల్లో మ్యాలేట్ వంటి నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టి, తొడుగు కణాల్లో కాల్విన్ వలయం కోసం విడిచిపెడతాయి. అలా విడిపించే ఎంజైమ్‌లలో మనది ఒకటి. మొక్కజొన్న ఆకును కల్వంలో మెల్లగా నూరితే పత్రాంతర కణాలు ముందు చితికిపోతాయి. ఈనెల చుట్టూ ఉండే తొడుగు కణాలు మొండిగా పోగుల్లా మిగులుతాయి. వాటిని కడిగి, గట్టిగా నూరి, ఆ రసానికి మెగ్నీషియం, ఎన్‌ఏడీపీ, మ్యాలేట్ కలిపి 340 నానోమీటర్ల దగ్గర కొలిస్తే రికార్డర్ పెన్ను జోరుగా పైకి లేస్తుంది. ముందు చితికిన కణాల రసంలో ఆ జోరు ఉండదు. మొక్కజొన్న, జొన్న, చెరకుల్లో ఈ ఎంజైమ్ తొడుగు కణాల హరితరేణువుల్లో ఉంటుంది. రాగి, తోటకూరల్లో ఆ పని మైటోకాండ్రియాలో, ఎన్‌ఏడీతో జరుగుతుంది. ఈ రెండో దారిని 1974లో హ్యాచ్, కగావా వివరించారు. రాగి ఆకు అడ్డుకోతను సూక్ష్మదర్శిని కింద పెడితే, తొడుగు కణాల్లో హరితరేణువులు ఈనె వైపు గోడకు ఒదిగి కనిపిస్తాయి. మొక్కజొన్నలో బయటి గోడ వైపు ఉంటాయి.

1975లో హ్యాచ్ బృందం సీ4 మొక్కలను మూడు రకాలుగా విభజించింది. మొదటి రెండూ పైన చెప్పినవే. మూడోది, ఆ విడుదలకు పెప్ కార్బాక్సికైనేజ్ అనే మరో ఎంజైమ్‌ను వాడే గినీ గడ్డిలాంటి రకం. ఆ విభజన గొప్ప పని. దాన్ని దాటరాని గోడలుగా మార్చినవారితోనే నా తగాదా. మొక్కజొన్న తొడుగు కణాల్లో పెప్ కార్బాక్సికైనేజ్ కూడా ఉందని 1999లో వింగ్లర్ బృందం చూపించింది. గినీ గడ్డి సైతం మైటోకాండ్రియాలో మ్యాలేట్‌ను వాడి ఆ కార్బాక్సికైనేజ్‌కు కావలసిన ఏటీపీ సంపాదించుకుంటుంది. ఇవి చిల్లర మినహాయింపులని కొట్టిపారేసేవారు ఒక లెక్క చూడాలి. మొక్కజొన్న తొడుగు కణాల హరితరేణువుల్లో గ్రానాలు బాగా తక్కువ. సొంతంగా చేసుకోగల ఎన్‌ఏడీపీహెచ్ స్వల్పం. ఒక్కో మ్యాలేట్ ఒక కార్బన్ డయాక్సైడ్‌తో పాటు ఒక ఎన్‌ఏడీపీహెచ్‌ను తెస్తుంది. కాల్విన్ వలయానికి మాత్రం ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కు రెండు కావాలి. పెప్ కార్బాక్సికైనేజ్ నడిపే ఆస్పర్టేట్ దారి కార్బన్ డయాక్సైడ్‌నే తెస్తుంది, ఎన్‌ఏడీపీహెచ్‌ను తేదు. ఈ రెండు దారుల పాళ్లు మార్చుకుంటూ ఆకు ఎండకూ నీడకూ సర్దుకుంటుందని నా గట్టి నమ్మకం. మొక్కకు ఒకే పేరు తగిలించి ఊరుకుంటే ఆ సర్దుబాటు మన కంటికే ఆనదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి రాఘవేంద్ర, రామదాస్ గార్లు 1978లో సీ4 మొక్కల అనుబంధ జాబితా వెలువరించారు. అలాంటి జాబితాల్లోని మొక్కలను ఒక్కొక్కటిగా మళ్లీ నూరి చూడాలని విద్యార్థులను కోరుతున్నాను.

ఎక్కడుందన్న ప్రశ్న మనిషి విషయంలోనూ ముఖ్యమే. మనిషిలో మ్యాలిక్ ఎంజైమ్‌కు మూడు రూపాలున్నాయి: మొదటిది కణద్రవ్యంలో, మిగతా రెండూ మైటోకాండ్రియాలో. క్లోమ క్యాన్సర్లలో కణితిని అణచే స్మాడ్4 జన్యువు పోయినప్పుడు, పక్కనే ఉన్న రెండో మ్యాలిక్ ఎంజైమ్ జన్యువు కూడా తరచు దానితో పోతుంది. అలాంటి కణాలు మూడో రూపం మీదే ఆధారపడతాయని, దాన్నీ ఆపితే చనిపోతాయని 2017లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కణానికి రెండో రూపం ఇంకా ఉంటుంది కాబట్టి, మూడోదాన్ని మాత్రమే ఆపే మందు కోసం వెతకడం సమంజసం.