నలుగురిలో మనసు మాట

మనసులోని సంగతిని పైకి చెప్పుటను గూర్చి మన పెద్దలు రెండు సామెతలు చెప్పిరి. "కడుపు చించుకొనిన కాళ్లమీద పడును" అనునది ఒకటి. "ఇల్లు గుట్టు, రోగము రట్టు" అనునది మరియొకటి. మొదటిది నోరు మూసికొనుమనుచున్నది. రెండవది ఇంటి సంగతి దాచుమనుచునే, వ్యాధిని మాత్రము నలుగురికిని చెప్పుమనుచున్నది. చెప్పినప్పుడే గదా మందెరిగినవాడు ముందుకు వచ్చును! మరి మనసులోని దిగులు దేనిక్రిందికి వచ్చును? అది ఇంటి గుట్టా, రోగమా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఈ ప్రశ్న ఇంటింటిదియు.

2016 అక్టోబరు వరకు ఈ మూడు పట్టణములును కరీంనగరు జిల్లాలోనివే. నేడు మొదటి రెండును జగిత్యాల జిల్లాయందును, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాయందును ఉన్నవి. జిల్లాలు వేరైనను బ్రతుకుతెరువులకు పోలిక కలదు. ఎందరో పురుషులు దుబాయికో, మస్కటుకో, సౌదీకో పోవుదురు. ఎందరో స్త్రీలు ఒడిలో చాట నుంచుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుదురు. సిరిసిల్ల వీధులలో మరమగ్గముల చప్పుడు వినవచ్చును. వాటిని అక్కడివారు సాంచెలందురు.

దూరదేశమునుండి ఫోను వచ్చును. "ఎట్లున్నరు?" అని భార్య అడుగును. "మంచిగనే ఉన్న" అని అతడనును. "మేము గూడ మంచిగనే ఉన్నం" అని ఆమె అనును. ఎండలో కాలు నిలువని సంగతి అతడు చెప్పడు. ఏజెంటుకు కట్టుటకై తెచ్చిన అప్పుపై మిత్తి పెరుగుచున్న సంగతి ఆమె చెప్పదు. ఇందు మోసబుద్ధి లేదు. ఒకరినొకరు నొప్పింపరాదను ప్రేమయే కలదు.

కాని ఆ మాట ఇద్దరితో ఆగదు. ఒకే అరుగుపై కూర్చుండి బీడీలు చుట్టు నలుగురు స్త్రీలకు నాలుగు దిగుళ్లుండును. నలుగురును "మంచిగున్నం" అనియే చెప్పుకొందురు. అందుచే ప్రతియొక్కతెయు, తక్కినవారందరు సుఖముగా నున్నారనియు, కష్టము తన యొక్కతెదే యనియు తలంచును. అందరికిని ఉన్న బాధ, ఎవరును చెప్పకపోవుటచే, ప్రతివారికిని తన సొంత లోపముగా తోచును. మరియు ఎత్తైన మేడ ముందర తీయించుకొనిన ఫోటో ఊరికి వచ్చును. పదిమంది పడుకొను ఇరుకు గది ఫోటో రాదు. దానిని చూచి ఇంకొక యువకుడు అప్పు చేసి విమానమెక్కును. ఒక ఇంటి మౌనమునకు మరియొక ఇల్లు మూల్యము చెల్లించును.

సిరిసిల్లలో సేటు నూలు నిచ్చును, ఆసామి సాంచెలు నడిపించును, కార్మికుడు నేయును. గిరాకీ తగ్గినప్పుడు దెబ్బ అందరికిని తగులును. కాని ఎవరి అప్పు వారి గుండెలోనే యుండును. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో అక్కడి నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమును కలచివేసినవి. వాటి వెనుక అప్పులు, పనిలేమి ఉన్నవి. నోటిమాట అప్పు తీర్చదు. అయినను, పదిమందిపై పడిన భారమును ఒక్కడే మోయుచున్నానను భ్రమను అది తీర్చగలదు.

మాట పెదవి దాటినచో ఏమి జరుగునో తెలుగునాట మరియొక మూల మనము చూచితిమి. 1990వ దశకపు తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు స్త్రీలు వచ్చుచుండిరి. వారి వాచకములో సారాను గూర్చిన సీతమ్మ యను స్త్రీ కథ యుండెను. అది చదివినప్పుడు, ఇది మా యింటి కథయే యని వారు ఒకరితో నొకరు చెప్పుకొనిరి. అంతవరకు ప్రతి ఇంటి గుట్టుగా నుండినది ఊరి రోగముగా తేలినది. అచట మొదలైన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధమునకు దారితీసినది.

కావున దిగులు ఇంటి గుట్టు కాదు, రోగమే. కాని దానిని చెప్పుటకొక మర్యాద కలదు. ఎవరి మనసు మాట వారే చెప్పవలెను. "నాకు భయముగా నున్నది" అనుట నిజాయితీ. "నీకు భయము, ఒప్పుకొనుట లేదు" అనుట దౌర్జన్యము. ఒకరు నమ్మి చెప్పినదానిని వీధిలో పంచిపెట్టుట ద్రోహము. వినువారు వెంటనే హితబోధకు దిగరాదు. ముందుగా "నాకును అట్లే యున్నది" అని నిజముగా అనగలిగినచో, అంతకు మించిన ఊరట లేదు. ఇంటివారితోగాని ఇరుగుపొరుగుతోగాని చెప్పుకొనలేనివారు 14416 అను టెలీమానస్ నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 నుండి ఆ సేవ ఉచితముగా లభించుచున్నది.

భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు మన ఆడపడుచులు బతుకమ్మ చుట్టు చేరి పాడుదురు. ఆ పాటలలో అత్తింటి కష్టములును, పుట్టింటి తలపులును కలవు. పాటలోని దుఃఖము ఎవరో ఒక ఆడబిడ్డది. కనుక దానిని పాడుటకు ఎవరును సంకోచింపరు. తన దుఃఖమును తన మాటలలో చెప్పుట అంత సులభము కాదు. అయినను పద్ధతి ఒక్కటే. ఒకరు ఎత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. ఎత్తుకొనువారు లేనిచో ఎందరు చేరినను పాట లేదు. బీడీల అరుగుమీదనైనను, సాంచెల నడుమనైనను, ఆ మొదటి మాట పలికినవారిని ఒంటరిగా విడువక అందుకొనుట మన వంతు.