పెద్ద ఆస్పత్రికి మొదటి ప్రయాణము



శ్రీకాకుళము జిల్లాలో, సముద్రపు టొడ్డున, మా గ్రామమున్నది. మా ప్రాంతపు వృద్ధస్త్రీలలో ఒక విచిత్రమైన అలవాటు చిరకాలముగ కలదు. చుట్ట కాల్చునపుడు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పొగ పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. గాలికి నిప్పు ఆరిపోదనియు, ఒక్క చుట్ట చాలసేపు వచ్చుననియు వారు చెప్పు కారణములు. ఆ వేడికి అంగిలి మొదట తెల్లబడును, పిదప గరుకెక్కును, కొందరికి పుండుపడును. ఆ పుండ్లలో కొన్ని క్యాన్సరులగును. మన పెద్దలు రాచపుండనెడివారు. మా మేనత్తకు 2011వ సంవత్సరమున అట్టి పుండే కలిగినది. ఆమెను వెంటబెట్టుకొని నేను బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రికి పోయితిని. ముప్పదియేండ్లు బడిపంతులుగా నున్నవాడను గనుక ఎక్కడికి పోయినను నెగ్గుకొని రాగలనను ధైర్యము నాకుండెను. ఆ ధైర్యముతో నేను చేసిన పొరపాట్లను మీకు చెప్పుటకే యీ పూట వచ్చితిని.

ఆస్పత్రిని గూర్చి రెండు మాటలు. సర్ దొరాబ్జీ టాటాగారి భార్య మెహర్‌బాయి 1931లో రక్తపు క్యాన్సరుతో మరణించెను. మరుసటి యేడు ఆయనయు గతించెను. ఆయన పేరిటి ధర్మనిధివారు బొంబాయిలోని పరేలులో 1941 ఫిబ్రవరి 28వ తేదీన ఈ ఆస్పత్రిని తెరచిరి. 1962 నుండి ఇది కేంద్రప్రభుత్వపు అణుశక్తి శాఖవారి పాలనలో నున్నది. దేశము నలుమూలల నుండి జనులు వత్తురు. తెల్లవారుజామున ఆ వీధిలో నిలిచి చూడుడు. ఎదురైన ప్రతివాని చేతను ఎక్స్‌రే సంచియే.

మా పట్టణములోని శస్త్రవైద్యుడు అత్త అంగిలి నుండి గోరంత ముక్క కోసి పరీక్షకు పంపియుండెను. క్యాన్సరని ఒక కాగితము వచ్చెను. దానిని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో నుంచుకొని, అదియే సర్వస్వమనుకొని బండి యెక్కితిని. రెండు రాత్రులు, ఒక పగలు ప్రయాణము. ఆస్పత్రిలో పేరు వ్రాయించుకొని కూర్చుండగా మా వంతు వచ్చుసరికి మధ్యాహ్నమైనది. అచ్చటి యువవైద్యుడు కాగితము చదివి, "బ్లాకు ఎక్కడ?" అని హిందీలో నడిగెను. నేను మా మండలము పేరు చెప్పితిని. ఆయన నవ్వలేదు. ఓపికతో విడమరచి చెప్పెను.

కోసిన ముక్కను మందునీటిలో నిలువచేసి, పిదప మైనములో పోతపోయుదురట. ఆ చిన్న మైనపు బిళ్లయే బ్లాకు. దాని నుండి మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందము గల పొరను చెక్కి, గాజుపలకపై పరచి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూతురు. ఆ గాజుపలకలకే స్లయిడ్లని పేరు. పెద్ద ఆస్పత్రివారు పరుల కాగితమును మాత్రము నమ్మి కత్తి పట్టరు. ఏ జాతి క్యాన్సరో తమ కన్నులతో చూచిన పిమ్మటనే చికిత్స నిర్ణయింతురు. అది న్యాయమే. సాక్షి వాఙ్మూలము చదువుటకును, సాక్షిని ఎదుట నిలిపి విచారించుటకును భేదము లేదా?

మా సాక్షి పట్టణములోని పరీక్షాశాలలో నొక బీరువాలో నుండెను. మరల ముక్క తీయవచ్చునని వైద్యుడనెను గాని, మొదటి కోతయే మానలేదని అత్త యొప్పుకొనలేదు. నా కుమారునకు ఫోను చేసితిని. వాడు పోయి యడుగగా కనబడుటలేదనిరి, మరునాడు రమ్మనిరి, మూడవనాటికి దొరకినది. అది కొరియరులో వచ్చి మా చేతబడుసరికి ఏడు దినములు గడచెను. అద్దెగదిలో అత్త గంజి త్రాగుచు, నన్ను ఒక్క మాటయు అనక, గోడవైపు తిరిగి పరుండెడిది. ఆ ఏడు దినముల ఖర్చు నాకు జ్ఞాపకము లేదు. ఆ మౌనము జ్ఞాపకమున్నది.

కావున ముక్కపరీక్ష చేయించినవారు బ్లాకును స్లయిడ్లను అడిగి తెచ్చుకొనవలెను. ఎందుకని యెవరైన ప్రశ్నించిన, పెద్ద ఆస్పత్రివారు చూడగోరుచున్నారని చెప్పిన చాలును. మైనమును ఎండ తగులనీయరాదు. గాజుపలకలను దూదిలో చుట్టి గట్టి డబ్బాలో నుంచవలెను. స్కానింగు తీయించినచో దాని నివేదికయే గాక, చిత్రములున్న ఫిల్ములును సీడీయు కావలయును. అన్నిటిని తేదీల వరుసను పేర్చి, నకళ్లు తీయించి, అసలు ప్రతులను రోగి తలక్రింద నుంచుకొని ప్రయాణము చేయుట మేలు. ఆధారు కార్డును, రేషను కార్డును మరువరాదు. వానిలో రోగి పేరొక విధముగను, ఆస్పత్రి కాగితములలో వేరొక విధముగను ఉన్నచో ఎంత తిరుగవలసివచ్చునో, తిరిగినవారికే తెలియును.

మందుల విషయములో నాకు కొంచెము కోపమున్నది, మన వారిమీదనే. రక్తపుపోటునకు, మధుమేహమునకు వాడు మాత్రలను చెప్పుదురు. నాటుమందును మాత్రము దాచుదురు. మా అత్త మూడు నెలలు ఒక భస్మము తిన్నది. వైద్యుడు తిట్టునేమోయని నేనది చెప్పలేదు. అందులో నేమున్నదో మన మెరుగము. అది కాలేయమునకో మూత్రపిండములకో హాని చేసియున్నచో, ఇచ్చెడి మందుల మోతాదు మార్చవలసివచ్చును. రక్తము పలుచనగుటకు వాడు మాత్రలను గూర్చియు తప్పక చెప్పవలెను. కోతకు ముందు వానిని ఎప్పుడాపవలెనో వైద్యుడు నిర్ణయించును. మనమై మనము ఆపరాదు. పేర్లు పలుకరానిచో ఖాళీ అట్టలనే సంచిలో వేసికొనిపోయిన సరి.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. బ్లాకు వచ్చిన పిమ్మట ఒక పెద్ద వైద్యురాలు మమ్ము పిలిచెను. అత్తకు తెలుగు తప్ప మరేమియు రాదు, నేనే దుబాసీని. వైద్యురాలు, "ఈమె పొగ త్రాగునా?" అని యడిగెను. నేను లేదంటిని. గదిలో పదిమంది యున్నారు. పంతులుగారి మేనత్త చుట్ట త్రాగునని చెప్పుటకు నాకు నోరు రాలేదు. మరల నడిగెను, తల అడ్డముగ ఊపితిని. అంతట నామె దీపము వేసి అత్త అంగిలి చూచెను. చూచి, నాతో మాటాడక, అత్తవైపు తిరిగి, రెండు వ్రేళ్లను చుట్టవలె పట్టుకొని, వెనుకకు త్రిప్పి, నోటిలోనికి పెట్టుకొన్నట్లు అభినయించెను. అత్త ముఖము వికసించెను. "అవును తల్లీ, అడ్డపొగే! పదారో ఏట నుంచీని. ఈయమ్మకెలాగ తెలిసినాది బాబూ?" అని నన్నడిగెను.

వైద్యురాలు నన్ను మందలింపలేదు. అడిగినది తప్పుపట్టుటకు కాదనియు, పొగ త్రాగినవారికి నోటిలో మరియొకచోట, గొంతులో, ఊపిరితిత్తులలో గూడ వెదకి చూడవలెననియు, మత్తు ఇచ్చువారికిని ఆ సంగతి తెలియవలెననియు చెప్పెను. నా పరువు కొరకు ఆమె ఊపిరితిత్తులను చూడకుండ చేయబోతినిగదా యని నాకు చెమటపట్టెను.

అప్పటికిని నాకు బుద్ధి రాలేదు. రోగము పేరును వైద్యురాలు స్పష్టముగ చెప్పగా, నేను తెలుగులో పుండని చెప్పితిని. అత్త నా ముఖమే చూచుచుండెను. "పుండుకేటి బాబూ, ఇంత దూరం తెచ్చినావు? కేన్సరేనా?" అనెను. అవునంటిని. ఆమె యేడువలేదు. కొంతసేపటికి, "ఇదంతా కోసేస్తే మాటొస్తాదా? అడుగు," అనెను. నేను ఊరినుండి పది ప్రశ్నలు వ్రాసికొనిపోయితిని. ఎంత ప్రాకినది, నయమగునా, ఖర్చెంత, ఎన్నాళ్లు ఉండవలెను, ఇంటికి దగ్గరగ చేయించుకొన వీలున్నదా: ఇవన్నియు అడుగవలసినవే. కాని మాట వచ్చునా యన్న ప్రశ్న నా చీటీలో లేదు. వైద్యురాలు కుర్చీ దగ్గరకు జరుపుకొని, అంగిలిలో తీసివేసిన మేరకు పండ్లకట్టువంటి పలక యొకటి తయారుచేసి అమర్తురనియు, దానితో అన్నము ముక్కులోనికి పోదనియు, మాటయు తెలియుననియు బొమ్మ గీసి చూపెను. శస్త్రచికిత్సకు అంగీకారపత్రముపై అత్త తానే వ్రేలిముద్ర వేసినది. తెలియకుండ వేయించియుంటే నేనేమగుదునో!

రోగికి రోగము పేరు చెప్పరాదని మనలో పెద్ద పట్టుదల. కుంగిపోవుదురని భయము. వినుటకు ఇష్టము లేదని రోగియే యన్న అది వేరు సంగతి. కాని ఆస్పత్రి గోడలమీద, చీటీలమీద, అందరి నోటను ఆ పేరే యుండును. అత్తకు అది రైలులోనే తెలిసినదట. నాకు బాధయగునని ఆమె నా యెదుట దాచినదట!

ఒక్క దినములో పని ముగియునని బయలుదేరరాదు. పరీక్షలకే వారము పది దినములు పట్టవచ్చును. కరెంటు పెట్టుట యని మనవారనెడి కిరణచికిత్స యవసరమైనచో, వారమునకైదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగుట కలదు. కావున వసతిని ముందుగ విచారింపవలెను. రైలులో క్యాన్సరు రోగులకు రాయితీ కలదు: స్లీపరు తరగతిలో రోగికి పూర్తిగ ఉచితము, తోడుపోవువారొకరికి నూటికి డెబ్బదియైదు తగ్గింపు. అందుకు ఆస్పత్రి వైద్యుడు నిర్ణీత పత్రము వ్రాసి యీయవలెను. అడుగనిదే ఎవరును జ్ఞప్తి చేయరు.

ఈనాడు మన వారు బొంబాయికే పోనక్కరలేదు. ఆ టాటా సంస్థవారిదే విశాఖపట్టణము చెంత అగనంపూడిలో 2014 నుండి ఆస్పత్రి కలదు. హైదరాబాదులో 1955 నాటి మెహదీ నవాజ్ జంగు ఆస్పత్రి, ప్రభుత్వమువారిది, రెడ్‌హిల్సులో నున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరు చికిత్సలకును వర్తించును. ఆస్పత్రిలో అడుగుపెట్టగనే ఆరోగ్యమిత్ర బల్ల యెక్కడని విచారింపుడు.

అత్త ఆ తరువాత ఎనిమిదేండ్లు జీవించెను. రాత్రివేళ అంగిలిపలకను స్టీలుగ్లాసులోని నీళ్లలో నుంచెడిది. చుట్ట మానుటకు మాత్రము చాల కష్టపడినది. నడుమ రెండుసార్లు పట్టుబడెను. 2016లో పొరుగూరి ముసలమ్మ యొకతె అగనంపూడికి బయలుదేరుచు మా అరుగుమీద కూర్చున్నది. అత్త ఆమె సంచి విప్పించి, కాగితములన్నియు ప్రక్కకు నెట్టి, మైనపుబిళ్ల యున్న డబ్బాను తానే తడిమి చూచి, మరల సంచి మూతి ముడివేసి యిచ్చెను.