ఎందుకు చంపాడు?
మాత్సుమోతో సెయిచో బతుకు, రచన: స్మారకోపన్యాసం



ఎవరి జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆయన్ని మేమంతా మాస్టారనే పిలిచేవాళ్ళం. బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో నిలబడి సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్. మా రాతప్రతుల్లో తప్పులు దిద్ది దిద్ది మాకు తెలుగు నేర్పారు కాబట్టి మాస్టారయ్యారు. ఈసారి మాట్లాడమని కమిటీవారు అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. మాస్టారికి ప్రాణంతో సమానమైన రచయిత ఒకాయన ఉన్నారు. ఆయన కూడా అచ్చాఫీసు పనివాడే. పేరు మాత్సుమోతో సెయిచో.

1909లో పుట్టాడు. పెరిగింది జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలోని కొకురా పట్నంలో. అది సైన్యం ఆయుధాగారమున్న ఊరు, పక్కనే యహతా ఉక్కు కర్మాగారం. అమ్మానాన్నలకు నిలకడైన సంపాదన లేదు. పైన ఇద్దరు ఆడపిల్లలు పసితనంలోనే పోగా మిగిలింది ఈయనొక్కడే. చదువు ప్రాథమిక పాఠశాల దాటలేదు. 1924లో బడి ముగించి ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో టీలు అందించే, కాగితాలు మోసే కుర్రాడిగా చేరాడు. తోటిపిల్లలు హైస్కూలు యూనిఫాంలో ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడినని తర్వాత తనే రాసుకున్నాడు. మూడేళ్ళకు ఆ ఉద్యోగమూ పోయింది. అప్పుడు రాతి అచ్చు పనిలో చేరాడు. అచ్చుకెక్కే బొమ్మనూ అక్షరాన్నీ చేత్తో తీర్చిదిద్దే పని అది. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే కాగితమంతా పాడవుతుంది. మాస్టారు ఈ సంగతి చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు తన వేళ్ళకేసి చూసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

1929లో స్నేహితులు తెచ్చిచ్చిన వామపక్ష పత్రికలు చదివినందుకు పోలీసులు పట్టుకెళ్ళి కొన్నాళ్ళు లాకప్‌లో ఉంచారు. తిరిగొచ్చేసరికి తండ్రి భయపడి పుస్తకాలన్నీ తగలబెట్టేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు సాహిత్యం జోలికి పోలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అసాహి పత్రిక క్యూషూ కార్యాలయంలో ప్రకటనల బొమ్మలు వేసే పని దొరికింది. ముందు కాంట్రాక్టు మీద, తర్వాత కొలువులో. ఈలోగా యుద్ధం. సైన్యంలోకి లాగి కొరియా పంపారు. అక్కడ వైద్య దళంలో పనిచేశాడు. 1945 ఆగస్టు 9న అమెరికా విమానం రెండో అణుబాంబుతో మొదట వచ్చింది కొకురా మీదికే. గురి కనపడక నాగసాకికి మళ్ళింది. ఊరు మిగిలింది.

తిరిగొచ్చాక వేరే యుద్ధం మొదలైంది. అమ్మా నాన్నా, భార్యా పిల్లలూ కలిసి ఇంట్లో తినే నోళ్ళు ఎనిమిది. కాగితం కొరతతో పత్రికకు ప్రకటనలే లేవు, బొమ్మలు ఎవరికి వేయాలి? చీపుళ్ళ వ్యాపారం మొదలుపెట్టాడు. సెలవు దొరికితే చాలు, కిక్కిరిసిన రైళ్ళలో హిరోషిమా, క్యోటో, ఒసాకా దాకా పోయి కొట్టు కొట్టూ తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. రైలు బోగీలో కూర్చుని మనుషుల్ని చూడటం, ఏ స్టేషన్లో ఏ బండి మారాలో కంఠస్థం చేయడం అప్పుడు అబ్బిన విద్యలే. ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకివ్వనిది చీపుళ్ళ కట్ట ఇచ్చిందని నేను నమ్ముతాను.

1950లో ఒక వారపత్రిక కథల పోటీ పెట్టింది. విజ్ఞాన సర్వస్వం తిరగేస్తుంటే కంటబడిన చిన్న వివరణ, 1877 తిరుగుబాటులో సైగో తకమోరి పక్షం అచ్చేసిన కరెన్సీ నోట్ల గురించినది, పట్టుకుని ‘సైగో నోట్లు’ అనే కథ రాసి పంపాడు. మూడో బహుమతి వచ్చింది. అప్పటికి వయసు నలభై దాటింది. మన దగ్గర ఆ వయసుకి చాలామంది రచయితలు సన్మానాలకు సిద్ధమవుతారు.

ఆ తర్వాత రాసిన ఒక కథే నా లెక్కన ఆయన రాసినవాటిలో అన్నిటికంటే గొప్పది: ‘ఒక కొకురా డైరీ కథ’. మహారచయిత మోరి ఓగై సైనిక వైద్యుడిగా 1899 నుంచి 1902 దాకా కొకురాలో ఉన్నాడు. ఆ రోజుల్లో రాసిన డైరీ ఎక్కడో పోయింది. నడవడం, మాట్లాడటం సరిగ్గా రాని ఒక కుర్రాడు ఆ డైరీ లోటు తీర్చాలని పూనుకుంటాడు. ఓగైని ఎరిగిన ముసలివాళ్ళ కోసం ఇంటింటికీ తిరుగుతాడు. మాట తిరగని కొడుకు తరఫున తల్లి మాట్లాడుతుంది. కొండదారిలో అతని పక్కనే నడుస్తుంది. ఏళ్ళ తరబడి పోగేసిన కాగితాలు ఒక సంచీడవుతాయి. కుర్రాడు పోతాడు. అతను పోయిన కొద్ది నెలలకే అసలు డైరీ టోక్యోలో బయటపడుతుంది. ఆ సంగతి తెలియకుండా పోవడం అతని అదృష్టమా, దురదృష్టమా? ఆ ప్రశ్న దగ్గర కథ ఆగుతుంది. 

ఈ కథను ముందు నవోకి బహుమతికి, అంటే జనరంజక సాహిత్యానికిచ్చే దానికి, పరిశీలించారు. అక్కడినుంచి గంభీర సాహిత్యానికిచ్చే అకుతగవా బహుమతి పరిశీలనకు మార్చారు. 1953 జనవరిలో అదే వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒకడైన సకగుచి అంగో, ఈ వచనంతో హంతకుడి వేట కూడా సాగించవచ్చని అప్పుడే పసిగట్టాడు. అదే నిజమైంది.

అప్పటిదాకా జపాన్ డిటెక్టివ్ కథ పాత జమీందారీ లోగిళ్ళలో, తలుపులు బిగించిన గదుల్లో, వంశ శాపాల్లో తిరిగేది. ఎవరు చంపారు, ఏ కిటుకుతో చంపారు అన్నదే ఆట. అవే సంవత్సరాల్లో మన కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారుతున్నాయి. ఆ ఉత్కంఠ రుచి మనకూ తెలుసు. మాత్సుమోతో ఆ ఉత్కంఠ వదల్లేదు. దానికి ఇంకో ప్రశ్న కలిపాడు: ఎందుకు చంపాడు? ఆ ప్రశ్న వేసేసరికి కథ లోగిలి దాటి మంత్రిత్వ శాఖ కారిడార్‌లోకి, కాంట్రాక్టరు విందులోకి, లంచం మోసిన చిరుద్యోగి ఇంట్లోకి వచ్చి పడింది.

1957లో ఒక పర్యాటక పత్రికలో ‘చుక్కలు, గీతలు’ ధారావాహికగా మొదలైంది. ఫుకుఒకా దగ్గర కషీ సముద్రతీరంలో తెల్లవారుజామున రెండు శవాలు: లంచాల కేసులో ఇరుక్కున్న మంత్రిత్వ శాఖలోని ఒక చిన్న అధికారి, టోక్యో హోటల్లో వడ్డించే ఒక అమ్మాయి. ప్రేమజంట ఆత్మహత్య అని అందరూ ఫైలు మూసేస్తారు. నలిగిన కోటు వేసుకున్న తొరిగై అనే ముసలి డిటెక్టివ్‌కి మాత్రం ఒక కాగితం ముక్క మనసులో గుచ్చుకుంటుంది. చనిపోయినవాడి జేబులో దొరికిన రైలు భోజనశాల రసీదు అది. దానిమీద ‘ఒక్కరు’ అని ఉంది. చావడానికి కలిసి బయల్దేరిన ఇద్దరిలో ఒకడే వెళ్ళి తింటాడా? ఇంటికెళ్ళి కూతుర్ని అడుగుతాడు, నీకు ఆకలి లేకపోతే పెళ్ళికొడుకుతో భోజనానికి వెళ్ళవా అని. వెళ్తాను, ఊరికే కాఫీ తాగుతూ కూర్చుంటాను అన్న అర్థంలో పిల్ల జవాబిస్తుంది. కేసు తిరిగి లేవడానికి ఆ జవాబు చాలింది.

ఇక ఆ నాలుగు నిమిషాలు. టోక్యో స్టేషన్ 13వ నంబరు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్ళకు 15వ నంబరు మీదున్న హకతా ఎక్స్‌ప్రెస్ మామూలుగా కనపడదు, మధ్యలో ఎప్పుడూ ఏదో బండి అడ్డం ఉంటుంది. సాయంత్రం 5.57 నుంచి 6.01 దాకా మాత్రం అడ్డు ఉండదు. ఆ జంట రైలెక్కడం సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే సాక్షుల కంటపడింది. అలా పడటం యాదృచ్ఛికమా, ఎవరైనా పడేలా చేశారా? మాస్టారి దగ్గరున్న ఇంగ్లీషు అనువాదం ప్రతిలో ఈ పేజీ అంచున పెన్సిలుతో నాలుగు పట్టాలు, మధ్య ఒక బండి, ఇవతల ముగ్గురు మనుషులు గీసి ఉంటారు. నాకు ఆ బొమ్మతోనే వివరించారు. హంతకుడి వెనుక క్షయతో మంచానపడి, రైల్వే టైంటేబుల్ చదువుతూ ఊళ్ళు తిరిగినంత సంబరపడే భార్య ఒకామె ఉంది. అంతకంటే ఎక్కువ చెప్పను. చదవనివాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు.

‘ఇసుక పాత్ర’ 1960–61లో యోమియురి సాయంకాలం పత్రికలో వచ్చింది. టోక్యో రైల్వే యార్డులో శవం. అంతకుముందు బార్‌లో అతను ఈశాన్య యాసలో ‘కమెదా’ అన్న మాట పలికాడని మాత్రమే ఆచూకీ. డిటెక్టివ్ ఇమనిషి ఈశాన్యంలో ఆ పేరున్న ఊరికెళ్ళి వట్టిచేతుల్తో వస్తాడు. తర్వాత భాషా పరిశోధన సంస్థలో తెలుస్తుంది, దేశానికి ఇంకో కొసన ఇజుమో ప్రాంతంలోనూ దాదాపు అదే యాస ఉందని. యాస విని జిల్లా చెప్పేసే మనకు ఆ క్షణం ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ తీగ లాగితే కుష్ఠువ్యాధి వచ్చిన తండ్రి, అతని చెయ్యి పట్టుకుని ఊరూరా తిరిగిన పసివాడు బయటికొస్తారు. పెద్దయ్యాక తన పుట్టుకను చెరిపేసుకోవాలనుకున్న మనిషి చేసిన హత్య అది. చనిపోయినవాడు ఒకప్పుడు ఆ పసివాడికి అన్నం పెట్టిన పోలీసు. ఆ రోగుల్ని బలవంతంగా వేరుచేసే చట్టాన్ని జపాన్ రద్దు చేసింది 1996లో. నవల వచ్చిన ముప్పై అయిదేళ్ళకు. హంతకుడి మీద కోపం, జాలి రెండూ ఒకేసారి రావడం నాకు ఆ నవలతోనే అనుభవమైంది. 1974లో నొమురా యొషితరో దీన్ని సినిమాగా తీశాడు.

ఆయన రాసిందంతా మేలిమి బంగారమని చెప్పను. 1956లో ఉద్యోగం వదిలాక ఒకే నెలలో ఎన్నో ధారావాహికలు నడిపాడు. చెయ్యి పట్టేసి కలం కదలకపోతే పక్కన ఒకరిని పెట్టుకుని చెప్పి రాయించాడు. వెయ్యి దాకా రచనల్లో హడావుడి కనపడేవి ఉన్నాయి, అవసరమైనప్పుడల్లా ఎదురొచ్చే యాదృచ్ఛికాలూ ఉన్నాయి. ‘జపాన్ మీది నల్లని మంచు’లో, 1949లో రైల్వే సంస్థ తొలి అధ్యక్షుడు షిమొయామా పట్టాల మీద శవమై దొరకడం వంటి ఘటనల వెనుక అమెరికన్ ఆక్రమణ వ్యవస్థ చెయ్యి ఉందని వాదించాడు. ఒఒకా షోహెయ్ వంటి రచయిత దీన్ని గట్టిగా విమర్శించాడు, జవాబు ముందే ఖాయం చేసుకుని రాశాడని. ఆ విమర్శలో నిజం ఉందని నా అభిప్రాయం. అయితే పడ్డ దెబ్బకు ముడుచుకుపోలేదు. 1964 నుంచి 1971 దాకా ‘షోవా చరిత్ర తవ్వకాలు’ రాస్తూ, 1936 సైనిక తిరుగుబాటుపై దాచిపెట్టిన పత్రాలు వెతికి, బతికున్న సాక్షుల్ని పట్టుకుని కూర్చోబెట్టాడు. కొకురా డైరీ కథలో కుర్రాడు తిరిగినట్టే తిరిగాడు.

1992 ఏప్రిల్లో మెదడులో రక్తస్రావమై పడిపోయాడు. ఆగస్టు 4న పోయాడు. వయసు 82. పడిపోయేనాటికి వారపత్రికలో ధారావాహిక నడుస్తూనే ఉంది. సామ్రాజ్య అంతఃపురం చుట్టూ తిరిగే ఆ నవల, ‘దేవతల ఉన్మాదం’, అలాగే అసంపూర్తిగా మిగిలింది. ఆరేళ్ళ తర్వాత అదే తేదీన కొకురా కోట పక్కన ఆయన స్మారక మ్యూజియం తెరిచారు. టోక్యో ఇంట్లోని రాతగదినీ, పుస్తకాల గదుల్నీ అందులో ఉన్నవి ఉన్నట్టు అమర్చారు. టీలు మోసిన కుర్రాడు, చీపుళ్ళ కట్ట భుజాన వేసుకుని రైలెక్కిన స్టేషన్ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.