మన పాదాలను చూసేవారెవరు?

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు పది నిమిషాలిచ్చి ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను పాదాల మీద మాట్లాడతాను. నవ్వకండి. నా సర్వీసంతా ఇతరుల అరికాళ్లు చూడటంలోనే గడిచింది. కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ వర్కరుగా ఈ మెట్ట గ్రామాలన్నీ సైకిలు మీద తిరిగినవాణ్ణి.

మాకు శిక్షణలో మొదట చెప్పిన మాట ఒకటుంది. కుష్ఠు వేళ్లను తినెయ్యదు. నరాన్ని మొద్దుబారుస్తుంది, అంతే. నొప్పి తెలియని కాలిని నడిచి నడిచి మనిషే పాడుచేసుకుంటాడు. ఈ సంగతిని లోకానికి తేల్చి చెప్పిన వారిలో ముఖ్యులు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళ దేశంలోని కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పనిచేయడానికి వచ్చారు. నయమైన రోగులకు తెల్లవారేసరికి వేళ్ల మీద కొత్త గాయాలు కనబడుతుండేవి. రాత్రి కాపు కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి! నొప్పి లేదు గనుక మనిషికి మెలకువ రాదు. ఆ తర్వాత ఇంటికి పోయే రోగి వెంట ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపేవారట. మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరుతో చెప్పులు తయారు చేయించిన వారిలోనూ ఆయన ఉన్నారు. మా శాఖలో వాటినే ఎం.సి.ఆర్. చెప్పులనేవాళ్లం. పాత ఉద్యోగులు మరిచిపోయి ఉండరు.

బ్రాండ్ గారు 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ షుగరు రోగుల కాళ్లు చూసి, ఇవీ మా వెల్లూరు పుండ్లే గదా అని పోల్చుకున్నారు. జబ్బు వేరు, పుండు పుట్టే తీరు ఒకటే. నరం మొద్దుబారుతుంది, ఆనెకాయ కడుతుంది, దాని కింద ఒత్తిడికి కండ చితికి పుండు పడుతుంది. పుండు పడ్డ కాలికి ఒత్తిడి తగలకుండా పిండికట్టు వేసే పద్ధతిని కుష్ఠు వైద్యం నుంచి షుగరు వైద్యానికి చేర్చింది కూడా ఆయనే.

మన సభ్యుల్లో ఒకరు, పేరు చెప్పను, రిటైరైన ఉపాధ్యాయులు. చెప్పులోకి తుమ్మ ముల్లు దిగితే రెండు రోజులు అట్లాగే నడిచారు. "నొప్పేం లేదబ్బయ్యా, బాగనే ఉండాది" అన్నారు నాతో. ఆ మాట వింటే నాకు భయం. చివరికి మోకాలి కింద దాకా తీసేశారు. అంతకు ముందు పదేళ్లుగా ఆయన షుగరుకు మందులు వాడుతున్నారు. ఎందరో డాక్టర్లు రక్తం చూశారు, చీటీ రాశారు. చెప్పు విప్పమన్నవారు ఒక్కరూ లేరు.

పాదాల వైద్యాన్ని పొడియాట్రీ అంటారు. బ్రిటన్‌లో అది మూడేళ్ల డిగ్రీ చదువు. పుస్తకం చదివితే వచ్చేది కాదు. పై తరగతుల విద్యార్థులు పెద్దల పర్యవేక్షణలో క్లినిక్‌లో కూర్చుని, వచ్చిన ప్రతి పాదాన్నీ చేత్తో పట్టుకుని చూడాలి. పాదం మీద నాడి దొరుకుతున్నదా? పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఆనిస్తే స్పర్శ తెలుస్తున్నదా? ఆనెకాయను నెత్తురు రాకుండా ఎంత లోతు చెక్కవచ్చు? ఎవరిని ఇంటికి పంపవచ్చు, ఎవరిని ఈ పూటే సర్జను దగ్గరికి పంపాలి? నా దృష్టిలో ఈ ఆఖరి ప్రశ్నే అసలు చదువు. మన ఉదయగిరి చెక్క చెంచాలు చేసే పనివారిని చూడండి, ఉలి ఎక్కడ ఆపాలో గురువు పక్కన కూర్చుంటేనే గదా వస్తుంది.

మన దేశంలో ఈ చదువు చదివినవారు చాలా తక్కువ. అందుకని 2004లో స్టెప్ బై స్టెప్ అనే కార్యక్రమం మన దేశంలోనూ, ఆఫ్రికాలోని టాంజానియాలోనూ మొదలైంది. అందులో నాకు నచ్చిన విషయం, డాక్టరును ఒక్కరినే పిలవలేదు. డాక్టరూ నర్సూ జంటగా రావాలి. ముందు ప్రాథమిక శిక్షణ, కొన్నాళ్లు తమ ఊళ్లో పనిచేశాక పై స్థాయి శిక్షణ. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం జాబితాలో పొడియాట్రిస్టు పేరు కూడా చేరింది. సంతోషమే. కానీ జాబితాలో పేరున్నంత మాత్రాన మన మెట్టకు మనిషి రాడు. ఇక్కడి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. పుండు పడ్డ కాలితో బస్సెక్కి పోవలసిందే.

అందుచేత ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రుల నుంచి ఒక్కొక్క నర్సునైనా పాద సంరక్షణ శిక్షణకు పంపమని కలెక్టరు గారికి అర్జీ ఇద్దాం. డి.ఎ. కోసం ఎన్ని అర్జీలు పెట్టలేదు మనం!

అంతవరకు ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ డాక్టర్లు రూపొందించింది. ఖర్చు లేదు. మనిషిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. చూపుడు వేలి కొనతో కుడి పాదం బొటన వేలిని, తర్వాత చిటికెన వేలిని, అట్లాగే ఎడమ పాదంలోనూ, ఆ పైన రెండు పాదాల నడిమి వేళ్లనూ ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కవద్దు, గీరవద్దు, రెండోసారి తాకవద్దు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. ఆరింటిలో రెండు తెలియకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే, డాక్టరుకు చూపించండి. అటువంటివారు వైశాఖంలో పెంచలకోన వెళితే కాలే బండల మీద వట్టి కాళ్లతో నడవవద్దు. స్వామి ఏమీ అనుకోడు. బొబ్బలు లేచినట్టు కూడా వారికి తెలియదు. ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూసుకోవాలి.

నైలాన్ పోగు నేను వెంట తెచ్చాను. వెనుక వరండాలో బెంచీ వేయించాను. భోజనాలకు ముందే రండి, తిన్న తర్వాత అందరికీ నిద్ర వస్తుంది. మేజోళ్లు విప్పి రావాలని మనవి. అమ్మలు కూడా మొహమాటపడవద్దు, వారికి చూడటానికి మా కోడలు వచ్చి ఉన్నది. సెలవు.